సెప్టెంబరు పదిహేడున నేను వేసిన లెక్క

పోయిన ఏడాది సెప్టెంబరు పదిహేడు, బుధవారం, ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా కాలనీ జెండా కింద నేనొక లెక్క వేశాను, అందరికీ వినబడేలా.

బయటి ఊళ్లవాళ్లకు కొంచెం చెప్పాలి. మా నాందేడ్ నిజాం రాజ్యంలో ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మూడు వందల తొంభై తొమ్మిది రోజులకు గానీ మాకు రాలేదు. అందుకని ఇక్కడ ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి జెండా ఎగరేస్తాం. ఈ రెండో పండుగంటే నాకు గర్వం కొంచెం ఎక్కువే. ఎవరైనా "నాలుగు వందల రోజులు" అంటే ఊరుకోను.

ఎదురింటామెకు నాకంటే ఎక్కువ గర్వం. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది, పుట్టిల్లు భోకర్. ప్రతి సెప్టెంబరులోనూ మైకు పట్టుకుని, నిజాం సిపాయిలు ఇల్లిల్లూ వెతుకుతుంటే తన తల్లి దీపం చాటున జెండా కుట్టిన కథ చెప్పేది. పదకొండేళ్లు విన్నాను. ఏటేటా ఆ జెండా ఓ మూరెడు పెరిగేది. అదీ మాకు ఇష్టంగానే ఉండేది.

ఆ మార్చిలో ఆ తల్లి పోయింది. మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు నేనే నింపాను. పుట్టిన సంవత్సరం 1942 అని నా చేత్తోనే రాశాను. సెప్టెంబరులో ఆమె మైకు అందుకోగానే ఆ అంకె గుర్తుకొచ్చింది.

"ఆగు చెల్లె. నలభై రెండుల పుడితె గప్పటికి ఆరేండ్లే గదా. ఆరేండ్ల పోరి జెండా ఎట్ల కుట్టింది?" అన్నాను.

జనం నవ్వారు. "ఆజీంచా హిశోబ్ పక్కా!" అని ఒకాయన మరాఠీలో ఈ అవ్వ లెక్కను మెచ్చుకున్నాడు. నేనూ నవ్వాను. ఆమె మైకు కుర్చీ మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

మంగళ, శుక్రవారాల్లో నాలుగింటికి మేమిద్దరం కలిసి చాయ్ తాగేవాళ్లం. ఆ శుక్రవారం ఆమె రాలేదు. దీపావళికి వాళ్లింటి ఫరాళం, అంటే పండుగ పిండివంటల పళ్లెం, రాలేదు. నేను పంపిన పిండివంటల పళ్లెం మూత తీయకుండా తిరిగొచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది కదా, నేనెందుకు వెళ్లాలి అనుకున్నాను. ఎనిమిది వారాలు అలాగే అనుకుంటూ గడిపి, నవంబరు పన్నెండున వెళ్లి తలుపు కొట్టాను.

"ఏందక్కా, లెక్క తప్పిందా?"

"లెక్క కరెక్టే. నీ మొకం చూడక ఉండలేకున్న."

"గిదొక్కటి మంచిగ చెప్పినవ్," అని చాయ్ పెట్టింది. నా వైపు తిరగకుండా, గిన్నెను చూస్తూనే చెప్పింది.

"అమ్మ కుట్టలే అక్కా. తాత జెండాను జొన్నల బస్తల దాచి, అమ్మను మీద కూసోబెట్టిండు. ఎవరచ్చినా లేవకన్నడు. సిపాయిలు అచ్చిండ్రు. భయానికి లంగలనే పోసుకుంది గని, లేవలే."

"గింత గొప్ప ముచ్చట ఇడిసిపెట్టి, కుట్టిందని చెప్తవా!"

"జెండా తడిసిందక్కా. ముసలైనంక గూడ గదే యాది జేసుకొని ఏడ్సేది, జెండాకు అపచారం జేసిన్నని. గందుకే ఆమె చేతికి నేను సూది దారం ఇచ్చిన."

దేశం గురించి గర్వపడటం మంచిదా చెడ్డదా అని అడిగితే ఇదివరకు తడుముకునేదాన్ని కాదు. నిజం ఉన్నంతవరకు మంచిది, అబద్ధం కలిస్తే చెడ్డది అనేసేదాన్ని. ఏ జెండా కోసం కదలకుండా కూర్చుందో, దాని ముందే ఆ మనిషి డెబ్బై ఏళ్లకు పైగా సిగ్గుపడుతూ బతికింది. ఆమె కూతురు కలిపిన అబద్ధాన్ని తప్పుపట్టడానికి ఇప్పుడు నాకు నోరు రాదు.

"అచ్చే ఏడు గిదే చెప్పు," అని బతిమాలాను.

"మైకుల మా అమ్మ లంగ సంగతి చెప్పాల్నా? కావాలంటె నువ్వు రాసుకో. పేర్లు రాయకు."

ఈ సెప్టెంబరులో ఆమెకు మైకు అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎవరూ బలవంతం చేయలేదు. చాయ్‌లు మాత్రం ఆ నవంబరు నుంచే మళ్లీ మొదలయ్యాయి.

పోయినవి: పదహారు చాయ్‌లు, రెండు పళ్లాల పిండివంటలు, మా కాలనీ ఏడాదికోసారి వినే కథ ఒకటి.