గోతి మీది రేకు

నా నోరు పెద్దది. నేనే ఒప్పుకుని రాస్తున్నాను కాబట్టి చదివేవాళ్ళు మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఉదయగిరి కొండ కింద చెక్క స్పూన్లు చేసే షెడ్డులో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. ఆకురాళ్ళ చప్పుడులో పక్క మనిషికి వినపడాలంటే గొంతు పెంచాలి. అలా పెంచిన గొంతు ఇంటికి వచ్చాక తగ్గదు. మా ఆయన నన్ను మైకు అంటాడు. మా చర్చిల్లో శాంతిని సమాధానం అంటారు. తాను సమాధానం కాదు, ఖడ్గం తెచ్చానని ప్రభువు అన్న చోటు ఒకటుంది. బైబిలు మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

అలాంటి నన్ను పట్టుకుని, ఆత్మకూరులో జరిగే స్త్రీల కూడికలో సమాధానం గురించి వాక్యం చెప్పమన్నారు. అడిగింది మా సంఘ పెద్ద గారి భార్య. నేను ఆమెను వదినా అని పిలుస్తాను. ఆ అంశం నా నెత్తిన పడితేనన్నా మూడు వారాలుగా నేను చేస్తున్న గొడవ ఆగుతుందని ఆమె ఆశ.

గొడవ ఒక బర్రె గురించి. మా సంఘంలో బాప్తిస్మం అంటే మనిషిని నిలువునా నీళ్ళలో ముంచాలి. ఎండాకాలానికి మా ఊరి చెరువులో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు. పోయినేడు ఒకాయన్ని ముంచి లేపేసరికి వీపంతా బురద. అందుకని చర్చి ఆవరణలోనే తొట్టి కట్టాలని కమిటీ తీర్మానించి ఆరడుగుల గొయ్యి తవ్వించింది. సిమెంటు రావడం ఆలస్యమై, గొయ్యి గొయ్యిగానే ఉండిపోయింది. ఒక సోమవారం తెల్లవారేసరికి చర్చి పక్కింటి అవ్వ బర్రె అందులో పడి ఉంది.

ఆ అవ్వకు ఎవరూ లేరని రాయను. బర్రె ఉండేది. పొద్దున పాలు టీ అంగడికి, సాయంత్రం పాలు నాలుగిళ్ళకు. ఆమె తిండీ, మందుబిళ్ళలూ అన్నీ దాని పొదుగులోంచే వచ్చేవి. మోకులు వేసి పైకి లాగాం గానీ మెడ విరిగిపోయింది. పొద్దెక్కకముందే ప్రాణం పోయింది. అవ్వ ఏడవలేదు. దాని చెవుల్లో మట్టి తుడుస్తూ కూర్చుంది.

సంఘ పెద్ద వచ్చి ప్రార్థన చేసి, "దేవుని పనిలో జరిగింది అవ్వా. సమాధానంగా ఉండాల. బయట మాట్లాడితే సంఘానికే చెడ్డపేరు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సమాధానం ఏంది సమాధానం? గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేసింది మీరు. బర్రె మీరే తెచ్చి కట్టేయాల!" అన్నాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, శనివారం సాయంత్రం రేకు వేసి రాళ్ళు పెట్టానని మొత్తుకున్నాడు. వాడు అబద్ధాలకోరని నలుగురి ముందూ తిట్టాను.

ఆ తరువాత ప్రతి ఆదివారం ఆరాధన అయిన వెంటనే నా ఆరాధన మొదలయ్యేది. కమిటీ వాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు నటించి వెళ్ళిపోయేవారు. అవ్వ మాత్రం ఆ నెల ప్రభువు బల్లకు రాలేదు. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే రొట్టె, రసం తీసుకోకూడదని మా వాళ్ళ పట్టింపు. మేం లోపల పాటలు పాడుతుంటే ఆమె తన గడప మీద కూర్చుని వినేది.

సరే, వాక్యం చెప్పమన్నారు కదా, చదవడం మొదలుపెట్టాను. పాస్టరు గారి దగ్గర లావుపాటి వివరణ పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. శాంతి అంటే నోరు మూసుకోవడం అని అంతవరకూ నా అభిప్రాయం. అందుకే అదంటే నాకు గిట్టేది కాదు. చదివితే మొత్తం తారుమారైంది. యూదుల లేఖనాల్లో శాంతి అంటే ఏదీ విరగకుండా, ఏదీ తక్కువ కాకుండా నిండుగా ఉండడం. ఒక తండ్రి తన కొడుకును పంపుతూ, నీ అన్నల శాంతినీ మందల శాంతినీ చూసి రమ్మంటాడు. గొర్రెలకు శాంతి ఉన్నప్పుడు బర్రెకు ఉండదా? ఇంకోచోట, శాంతి లేనప్పుడు అంతా శాంతే అని చెప్పే పెద్దల మీద ప్రవక్తలు మండిపడతారు. బీటలు వారిన గోడకు సున్నం కొడుతున్నారని తిడతారు. అది చదివి మా కమిటీ మొహాలు తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చివరికి ధర్మశాస్త్రంలో అసలైనది దొరికింది. గోతి మీది కప్పు తీసినవాడు గానీ, గొయ్యి తవ్వి కప్పనివాడు గానీ, అందులో పడిన పశువుకు బదులు ఇచ్చుకోవాలి. ఆ నష్టం పూడ్చడమూ శాంతీ హెబ్రీ భాషలో ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని పుస్తకం రాసింది. మూడు వేల ఏళ్ళ కిందటి వాళ్ళకు మా అవ్వ సంగతి ఎలా తెలిసిందో! నా ఖడ్గానికి బ్రహ్మాండంగా పదును పెట్టుకున్నాను.

కూడికకు ముందురోజు షెడ్డులో, స్పూను పిడికి ఆకురాయి పెడుతూ వాక్యమంతా పైకి చెప్పుకుంటున్నాను. నా పక్క పీట మీద ఒక ముసలమ్మ పని చేస్తుంది. ముస్లిం ఆమె, అందరం ఖాలా అంటాం. ఆమె మొత్తం విని, చేతిలోని గరిటె మీద పొట్టు ఊది, "బాగుండాది. తవ్వినోళ్ళు మీ సంఘమోళ్ళు, సరే. కప్పు తీసినోళ్ళు ఎవురు?" అని అడిగింది.

"ఎవురూ తీయలేదు ఖాలా. అసలు కప్పలేదు."

"మేస్త్రీ కప్పినా అన్నాడంటివి గదా?"

నా చేతిలో ఆకురాయి ఆగిపోయింది. బర్రె పడిన ముందురోజు, ఆదివారం, చర్చిలో అందరికీ భోజనాలు పెట్టే ప్రేమవిందు. వంట నాదే. కొండ మీది గాలికి పొయ్యి మంట నిలవడం లేదు. అడ్డం పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమో అని చూస్తే గోతి మీది రేకు కనపడింది. రాళ్ళు పక్కకు తోసి, రేకు ఈడ్చుకొచ్చి పొయ్యికి నిలబెట్టాను. అన్నం ఉడికింది. సాంబారు అదిరిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో క్యారియరు ఊపుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాను. రేకు వంటగోడకు ఆనుకుని అక్కడే ఉండిపోయింది. మూడు వారాలుగా ఊరంతా ఏకిపారేస్తున్న నాకు, ఒక్కసారి కూడా ఆ రేకు గుర్తుకు రాలేదు.

నిజం చెబుతాను, నాకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. ఆ వాక్యంలో తవ్వినవాడి సగం చదివి, తీసినవాడి సగం మింగేద్దాం అనుకున్నాను. ఇప్పుడు నేను బయటపడితే కమిటీ చేతులు దులుపుకుంటుంది, అవ్వకు బర్రె రాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అవ్వ కోసమే అబద్ధం అన్నమాట. కాగితంలో ఆ సగం కొట్టేశాను.

శనివారం తెల్లచీర కట్టుకుని ఆత్మకూరు వెళ్ళాను. షామియానా నిండా ఆడవాళ్ళు. కలిగిరి నుంచి, చేజర్ల నుంచి కూడా వచ్చారు. వెనక కోడికూర ఉడుకుతోంది. నాకు ముందు లేఖన భాగం చదివే వంతు చేజర్ల టీచరమ్మది. పర్వతం మీద ప్రభువు చెప్పిన మాటలు చదివింది. కానుక తీసుకుని బలిపీఠం దగ్గరకు వచ్చాక, నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి వెళ్ళు, ముందు అతనితో కలువు, తరువాత వచ్చి అర్పించు. ఎన్నిసార్లు విన్నానో ఆ మాటలు. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటీ నన్ను పేరు పెట్టి పిలిచింది. నీకు అతని మీద ఏముంది అని అడగలేదు ప్రభువు. అతనికి నీ మీద ఏముంది అని అడిగాడు. నాకు కమిటీ మీద ఉన్నది కంఠతా వచ్చు. అవ్వకు నా మీద ఉండాల్సింది నేనే దాచిపెట్టుకుని వచ్చాను.

నన్ను పిలిచారు. మైకు దగ్గర నిలబడ్డాను.

"అమ్మలారా, అర్ధగంట వాక్యం రాసుకొచ్చినాను. అది చెప్పను. మా ఊళ్ళో ఒక అవ్వ బర్రె గోతిలో పడి చచ్చిపోయినాది. గొయ్యి తవ్వింది మా సంఘం. దాని మీది రేకు తీసింది నేను. పోయినదాన్ని పూడ్చకుండా సమాధానం అని చెప్పేదానికి నాకు గొంతు లేదు. ముందు పోయి ఆమెతో చెప్తాను."

కాగితాలు బల్ల మీద పెట్టి దిగిపోయాను. ఎండలో బస్టాండు వైపు నడుస్తున్నాను. నా జీవితంలో అంత తక్కువ మాట్లాడింది ఎప్పుడూ లేదు. అయినా కాళ్ళు తేలిగ్గా పడుతున్నాయి. వెనక టపటపమని చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే వదిన, రొప్పుతూ వస్తోంది.

"ఆగు మే! గొయ్యి మాది గూడా గదా. నువ్వు ఒక్కదానివే పోయి మంచిదానివి అయిపోదామనా?"

ఆమె వెనక మా సంఘం ఆడవాళ్ళు పదకొండు మంది. కోడికూర వదిలేసి వచ్చారు, అది మామూలు విషయం కాదు. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేని కాలం కాబట్టి అందరం ఎక్కేశాం. కండక్టరు తెల్లచీరలు చూసి, "ఏందమ్మా, మీటింగ్ అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

"ఇప్పుడే మొదలైంది" అన్నాను.

బస్సంతా నవ్వింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఆ పాటల మధ్యలోనే మేస్త్రీకి ఫోను చేసి క్షమించమన్నాను. రెండోసారి గట్టిగా చెప్పమన్నాడు, వినపడలేదట. బస్సులో అందరికీ వినపడేలా చెప్పాను. వదిన తన భర్తకు ఫోను చేసి, "కమిటీనంతా పిలుచుకోని అవ్వ ఇంటికి రా. ఎందుకా? గొయ్యి ఎందుకు తవ్వినావో చెప్పేదానికి" అంది.

తెల్లచీరల గుంపు వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ కంగారుపడి లేచింది. "ఎవురు పోయినారే?" అంది.

"ఎవురూ పోలేదు అవ్వా. గోతి మీది రేకు తీసింది నేనే. పొయ్యికి అడ్డం పెట్టుకోని, మళ్ళా కప్పకుండా పోయినాను. అది మర్చిపోయి ఊరి మీద పడి అరిచినాను, గుర్తొచ్చినాక దాచిపెట్టబోయినాను. నీ బర్రెను సగం చంపింది నేను."

అవ్వ నా మొహంలోకి చూసింది. "మరి బర్రె?" అంది.

అప్పటికి సంఘ పెద్ద చెమట తుడుచుకుంటూ వచ్చాడు. భార్య వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. తొట్టి తరువాత కట్టుకుంటామన్నాడు. "సిమెంటుకు పెట్టుకున్నది నీ బర్రెకే అవ్వా. మేం చెరువులోనే మునుగుతాం, బురదైతే బురద" అన్నాడు. నా సగానికి నేను చీటీ ఎత్తి డబ్బులు ఇస్తానన్నాను.

"చూడి బర్రె కావాల" అంది అవ్వ. "నేనే చూసి పట్టుకుంటా. మీరు తెచ్చింది నాకొద్దు."

కలిగిరి వైపు పల్లెలన్నీ తిప్పించింది. పళ్ళు చూసింది, పొదుగు చూసింది, ఏడు బర్రెలను వద్దంది. ఎనిమిదోది తోలుకుని ఊళ్ళోకి వస్తుంటే పలుపు అవ్వ చేతిలో, వెనక సంఘం సంఘమంతా. పిల్లలు డప్పు కొట్టారు. చర్చి ఆవరణలో అప్పటికే మేస్త్రీ గోతి మీద రాతిబండలు పరిచి ఉంచాడు. గట్టితనం చూడమని నన్నే ఎక్కి గెంతమన్నాడు. గెంతాను. తరువాతి నెల మొదటి ఆదివారం అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని ప్రభువు బల్ల తీసుకుంది. రొట్టె అందించే ముందు సంఘ పెద్ద ఆమెకు చేతులు జోడించాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడితో సరి.

బర్రె ఈనింది. అవ్వ జున్ను చేసి మమ్మల్ని అందరినీ పిలిచింది. ధర్మశాస్త్రంలో సమాధానబలి అని ఒకటుంది. తెచ్చినవాళ్ళు కూడా తమవాళ్ళతో కూర్చుని దాన్ని తినాలి. కృతజ్ఞతతో తెచ్చినదైతే తెల్లారేదాకా మిగల్చకూడదు. ఆ వాకిట్లో వదినా, సంఘ పెద్దా, మేస్త్రీ, నా వెంట వచ్చిన ఖాలా, అందరూ గిన్నెలు నాకేస్తుంటే ఆ బలికి అర్థం నాకు ఏ వివరణ పుస్తకమూ లేకుండా తెలిసింది.

అందరూ వెళ్ళాక అడిగాను. "అవ్వా, నా మీద కోపం పోయినట్టేనా?"

"నీ మీద కోపం బర్రె సచ్చిన పొద్దే వచ్చినాది. నువ్వొచ్చి చెప్పిన పొద్దు పోయినాది."

"బర్రె పోయిన పొద్దా? నేనని నీకెట్ట తెలుసు?"

"నువ్వు రేకు ఈడ్చుకుపోతా ఉంటే ఈ గడప మీదే గదా ఉండాను. మళ్ళా కప్పుతావులే అనుకున్నా."

"మరి చెప్పలేదేందే అవ్వా! నేను ఊరందర్నీ తిడతా ఉంటే?"

"చెప్తే సిగ్గుపడి నోరు మూసుకోని ఇంట్లో కూచునుండేదానివి. నా కోసరం అరిచేదానికి ఊరంతటికీ ఉండింది నీ నోరు ఒక్కటే. అది గూడా పోతే నాకు బర్రె ఎవురు తెస్తారు?"

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే గర్వం కూడా వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఖాళీ గిన్నె ఆమె ముందుకు తోశాను. అవ్వ ఇంకో పెద్ద ముక్క కోసి వేసింది.