ముందు వరసలో పెద్దనాన్నగారు

ఇప్పుడు టీవీలో నేను రాసిన స్కిట్‌కి ఎవరైనా నవ్వితే, నవ్వించడమంటే సర్క్యూట్ వేసినంత తేలికని నమ్మిన రోజులు గుర్తొస్తాయి. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి రాజోలులో ఖాళీగా ఉన్నాను. హైదరాబాదులో ఒక కామెడీ షో వాళ్లకి ఫోన్ చేస్తే, "ఐదు నిమిషాల వీడియో పంపండి. ఎదురుగా జనం ఉండాలి, వాళ్లు నవ్వాలి. సోమవారం ఆఖరు" అన్నారు. అది కుదరకపోతే, పెద్దనాన్నగారబ్బాయి కువైట్‌లో చూసిపెట్టిన జనరేటర్ల మరమ్మతు ఉద్యోగానికి వెళ్లాలి. (మంచి ఉద్యోగమే. కానీ జనరేటర్లు నవ్వవు.)

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క హాల్లో ప్రదర్శన పెట్టాను. పద్ధతి ప్రకారం పట్టిక వేసుకున్నాను: జోకులు పద్నాలుగు, ఒక్కోదానికి నవ్వు నాలుగు సెకన్లు, చివరిదానికి ఏడు. అన్నీ పెద్దనాన్నగారి మీదే. ఆయన కొడుకుతో ఫోన్లో మాట్లాడితే (కువైట్ దూరం కదా) వీధి చివరికి వినిపిస్తుంది. ఆ గొంతు నాకు పట్టుబడిందనుకున్నాను. అయితే ఊరందరినీ పిలిచి ఆయన్ని పిలవకపోతే మర్యాద కాదని, ఇంటికెళ్లి "తప్పకుండా రావాలండి" అని చెప్పి, ముందు వరసలో చేతుల కుర్చీ కూడా వేయించాను.

మొదటి జోకు వేసి నాలుగు సెకన్లు ఆగాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దవాళ్లని ఎదురుగా పెట్టుకుని వాళ్లని చూసి నవ్వడం మా వైపు లేదు. అందరూ వెనక నుంచి ఆయన తలకాయనే చూస్తూ పెదాలు బిగించి కూర్చున్నారు. అత్తయ్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆరో జోకు దగ్గర ఉండబట్టలేక "బాగుందాండీ?" అని అడిగాను. "ఆయ్" అన్నారు అందరూ, ఎంతో గౌరవంగా. తొమ్మిదో జోకుకి నాకు కువైట్ కనిపించింది.

అప్పుడు పెద్దనాన్నగారు లేచారు. "ఆగరా అబ్బాయ్. అది నేనేనా?"

"ఆయ్... అవునండి."

"నేనంత మెల్లిగా మాట్లాడతానేంట్రా? చేస్తే సరిగ్గా చెయ్యాలి." జేబులోంచి ఫోను తీసి, చెవి దగ్గర కాకుండా నోటి ముందు బిస్కెట్టులా పట్టుకుని కేకేశారు. "ఒరేయ్! తిన్నావా? ఏం కూర? మళ్లీ పప్పేనా? పక్కనే సముద్రం కదరా, చేపలు దొరకవేంటి?"

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది. "ఫోనెందుకండీ, వట్టినే అరిచినా వాడికి వినపడుద్ది!"

హాలు నవ్వులతో పగిలిపోయింది. తర్వాత వీడియోలో కొలిస్తే నలభై ఒక్క సెకన్లు. అదే పంపాను. మంగళవారం ఫోనొచ్చింది. "ఆ పెద్దాయన్ని తీసుకురాగలరా?"

అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "అక్కడ నేనెవరో ఎవరికి తెలుసురా? తెలిసినోళ్లకే నవ్వొస్తాది. నువ్వెళ్లు." షో వాళ్లు కాస్త నిరాశపడి, "సరే, మీరు మాటలు రాయండి. వేషం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ 'తర్వాత' రావడానికి రెండేళ్లు పట్టింది.

ఆ వీడియో ఇంకా నా దగ్గరే ఉంది. అందులో జనమంతా పెద్దనాన్నగారిని చూసి నవ్వుతుంటే, స్టేజీ మీద ఒక కుర్రాడు కాసేపు కంగారుగా నిలబడి, తన పని అయిపోయిందనుకుని, అందరికన్నా ఆలస్యంగా తనూ నవ్వేస్తాడు. కెమెరా సంగతి ఆ క్షణంలో వాడికి గుర్తులేదు. అంత బాగా నేను మళ్లీ ఎక్కడా నటించలేదు.