స్టార్ట్ నొక్కిన తర్వాత

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. సర్వర్ దానంతటదే ఆగిపోయిందని ఎవరైనా అన్నా ఒప్పుకునేదాన్ని కాదు, కారణం దొరికేదాకా రికార్డులన్నీ చదివేదాన్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

మడికొండలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఒక సాఫ్ట్‌వేర్ మీద ఒకేసారి వేలమంది పడితే ఎంత వేగంగా పనిచేస్తుందో, ఎక్కడ కూలిపోతుందో పరీక్షించడం మా పని. మొదట్లో ఆ పరీక్ష నడపాలంటే నల్ల తెర మీద బారెడు కమాండ్లు కొట్టాలి. మా సీనియర్ ప్రభుదాసన్న దానికో తేలికైన పేజీ తయారుచేశాడు. సర్వర్ పేరు ఎంచుకుని, ఎంతమందో ఎన్ని నిమిషాలో నింపి, స్టార్ట్ నొక్కితే చాలు. అడుగున 'గమనిక' అని ఒక ఖాళీ పెట్టె ఉండేది.

పోయిన వేసవిలో ఆయన గుండెపోటుతో పోయాడు. కాజీపేటలో సమాధి చేసి వచ్చాం. ఆయన పని నాకిచ్చారు.

ఆయన పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లారు. ఒక దవాఖాన వాడే సాఫ్ట్‌వేర్ పరీక్ష ఫలితాలు మూడింటికల్లా కావాలన్నారు. గబగబా అన్నీ నింపి స్టార్ట్ నొక్కాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, పరీక్ష మొదలవలేదు. సరే, తిందామని డబ్బా మూత తీస్తున్నాను.

తలెత్తి చూస్తే, నేను ఖాళీగా వదిలేసిన గమనిక పెట్టెలో తెలుగు అక్షరాలున్నాయి.

"చెల్లె, జర ఆగు. పైన పేరు మళ్లొక్కసారి సూడు."

చూశాను. పరీక్ష కోసం పెట్టుకున్న నకలు సర్వర్ బదులు, దవాఖానలో ఆ క్షణాన నడుస్తున్న అసలు సర్వర్‌ను ఎంచుకున్నాను. రెండు పేర్లకూ తేడా ఒక్క అక్షరమే. పరీక్ష మొదలై ఉంటే అక్కడ రక్త పరీక్షల రిపోర్టులన్నీ ఆగిపోయేవి. వెంటనే రద్దు నొక్కాను.

ఆఫీసులో నన్ను చెల్లె అని పిలిచింది ఆయనొక్కడే. కానీ ఆయన గమనికలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాసేవాడు.

మా మేనేజర్ శ్రీధర్ సార్ క్యాంటీన్ నుంచి వచ్చి తెర చూశాడు. తర్వాత ఇద్దరం రికార్డు తీశాం. ఆ రెండు వాక్యాలూ నా కంప్యూటర్ నుంచే, ప్రభుదాసన్న లాగిన్‌తో ఎక్కాయి. ఆ లాగిన్‌ను సమాధి మరునాడే తీసేసింది సారే. పేజీ కోడంతా రెండు రోజులు వెతికాం. అలాంటి మాట ఎక్కడా లేదు.

"ఇది బయట చెప్పకు స్వప్నా. మనల్నే పిచ్చోళ్లంటరు," అన్నాడు సార్.

బయట చెప్పలేదు. కానీ ఆదివారం కాజీపేట వెళ్లి సునీత వదినకు చెప్పాను. ప్రభుదాసన్న భార్యకు చెప్పకుండా దాచడం తప్పనిపించింది. ఆమె ఏడవలేదు. ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకుంది.

"ఇంకేమన్న రాసిండా?"

లేదు వదినా, అంతే అన్నాను.

"పిల్లల ముచ్చట గూడ లేదా?"

లేదని తలూపాను. ఆ మాటలు అక్కడికి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రం అది అడగనే లేదు. నాకెందుకు వచ్చాయని, తనకెందుకు రాలేదని అడుగుతున్నట్టు నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.