ఆజాద్ వీసా దొర కొట్టిన బంతి

నా స్టీరింగు మీద ఒట్టు, పొద్దున్నే చాయ్‌లో ముంచుకు తినే ఖుబ్బూసు రొట్టె మీద ఒట్టు, ఇంకా గడువు తీరని నా లైసెన్సు మీద ఒట్టు. కింద రాసిన ప్రతి ముక్కా నిజం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మేముండే బిల్డింగులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ‘గప్పాల డ్రైవర్’ అంటారు. ఒకసారి ఒంటె నా బస్సును దాటి ముందుకు పోయిందని చెప్పాను, ఆ పాపానికి. (పోయింది. ఇంజను వేడెక్కి అప్పటికి నా బస్సు ఆగి ఉంది. ఆ ముక్క చెప్పడం మరిచిపోయాను.)

ఆ రోజుల్లో, అంటే కరోనా కాలం నాటి గుడ్డలు ముఖాల మీద నుంచి దిగిపోయి, ఎదుటివాడికి పళ్లున్నాయని మళ్లీ అందరికీ తెలిసొచ్చిన కొత్తలో, నేను కుర్రవాణ్ని. నవ్వకండి. వయసు నలభై ఏడుండొచ్చు గాక, మీసానికి వారం వారం రంగు వేసేవాణ్ని, కనపడ్డ ప్రతిదానికీ నోరు తెరిచేవాణ్ని. కుర్రతనమంటే అంతకన్నా ఏముంది? పొద్దున మనుషుల్ని సైటులో దింపడం, సాయంత్రం అదే మనుషుల్ని కొంచెం సిమెంటు కలిపి వెనక్కి తేవడం, అదీ నా డ్యూటీ. ఒకరోజు మా మలయాళీ ముదీర్, అంటే మేనేజరు, పిలిచి, “కల్ సే సైట్ డ్యూటీ ఖలాస్. ప్లేయర్ లోగ్ కో స్టేడియం లేకే జానా” అన్నాడు. సైటు పని ఆపి ఆటగాళ్లను మోయాలన్నమాట. “క్రికెటా సార్?” అన్నాను పొంగిపోయి. “బేస్‌బాల్.” “అదేం ఆట సార్?” ముదీర్‌కూ తెలియదు. కానీ ముదీర్ అన్నవాడు తెలియదని ఎన్నడైనా అంటాడా? “బ్యాట్ గోల్, బాల్ సఫేద్. తుమ్ గాడీ చలావ్, యల్లా!” అని పంపేశాడు. బ్యాటు గుండ్రంగా ఉంటుందని వినగానే నాకు తగిలిన షాకు మొదటిది. ఆ తరువాత తగిలిన షాకులతో పోలిస్తే అది చీమ కుట్టినట్టు.

దుబాయ్‌లో ఒక క్రికెట్ మైదానాన్నే కొన్నాళ్లపాటు ఆ ఆటకు మార్చి, ఎక్కడెక్కడి దేశాల ఆటగాళ్లనో రప్పించారు. వాళ్లలో ఒకాయన ఎప్పుడూ నా పక్కనే, ముందు సీట్లో కూర్చునేవాడు. అమెరికా మనిషి. ముప్పై ఏడేళ్లవాడు. బస్సు ఎక్కేటప్పుడు ఆయన మోకాళ్లు చేసే చప్పుడు విని, మొదటిరోజు తలుపు పాడయిందేమోనని దిగి చూశాను. అంత ఎత్తు, అంత భుజాలు, మీద అమెరికా పాస్‌పోర్టు. కోటీశ్వరుడే అనుకున్నాను. మాటల్లో పడితే తేలిందేమిటంటే, ఆయన జీవితంలో ఒక్కరోజు కూడా పెద్ద జట్టులో ఆడలేదు. ఎప్పుడూ ఒక మెట్టు కిందే. అక్కడి చిన్న ఊళ్లు, మెక్సికో, తైవాన్, ఇటలీ, ఆస్ట్రేలియా, ఎక్కడ నాలుగు నెలల కాంట్రాక్టు ఉంటే అక్కడికి పెట్టె సర్దుకోవడం. బాగా ఆడకపోతే చేతిలో టికెట్టు పెట్టి ఇంటికి పంపేస్తారట. మధ్యలో ఒక ఏజెంటు కూడా ఉన్నాడట! అది విని నేను బ్రేకు తొక్కబోయి యాక్సిలరేటర్ తొక్కాను.

“కొత్త జట్టువాళ్లు నీకేం వచ్చని అడుగుతారు కదా, ఏం చెప్తారు?” అన్నాను. (ఆయన ఇంగ్లిష్, నా ఇంగ్లిష్ ఒకటి కావు. కానీ బాధలు ఒకటే కాబట్టి అర్థమైపోయేది.)

“అన్నీ వచ్చని చెప్తాను సదీక్. వెళ్లాక నేర్చుకుంటాను” అన్నాడు. సదీక్ అంటే ఇక్కడి మాటలో స్నేహితుడు. ఆయన నేర్చుకున్న అరబ్బీ ముక్కలు అదీ, ఖలాసూ.

ముంబైలో ఇంటర్వ్యూ చేసినవాడు మేస్త్రీ పని వచ్చా అంటే వచ్చని చెప్పి, తాపీ ఏ చేత్తో పట్టుకోవాలో విమానంలో పక్కవాణ్ని అడిగి తెలుసుకున్నవాణ్ని నేను. ఆ రోజు నుంచి ఆయన నాకు సొంత మనిషి అయిపోయాడు.

సాయంత్రం బిల్డింగులో ఈ సంగతి చెబితే ఒక్కరూ నమ్మలేదు. నమ్మినవాడు మా బామ్మర్ది ఒక్కడే. వాడు అజ్మాన్ సనయ్యాలో, అదే వర్క్‌షాపుల వాడలో, టైర్లు విప్పి బిగించే పని చేస్తాడు. వాడి అరచేతుల్లో గీతలు నల్లగా అచ్చు వేసినట్టుంటాయి. జాతకం చెప్పేవాడికి కళ్లద్దాలక్కర్లేదు. వాడు కూర తిప్పుతూ తిప్పుతూ గరిటె ఆపి, “అరె బావా, కఫీల్ లేడు, కంపెనీ లేదు, పని యాడుంటె ఆడికి పోవుడు. గట్లయితే గాయనది ఆజాద్ వీసానే గద!” అన్నాడు. (కఫీల్ అంటే వీసా ఇచ్చే యజమాని; వాడికి డబ్బు కట్టి బయట ఎక్కడైనా పని చేసుకునేవాడి వీసాను ఆజాద్ వీసా అంటాం.) అంతే, అమెరికా ఆయనకు మా బిల్డింగులో ‘ఆజాద్ వీసా దొర’ అని పేరు ఖాయమైంది.

చివరి ఆటకు ముందురోజు దొర బస్సులో మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఏమైంది సార్ అంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ, “రేపటితో ఖలాస్ సదీక్. ఆట మానేస్తున్నాను. ఈ మోకాళ్లు ఇక ఒప్పుకోవు” అన్నాడు. తరువాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. బంతిని కంచె అవతల జనంలో పడేట్టు కొడితే వాళ్ల ఆటలో హోమ్ రన్, అంటే మన సిక్సరు లాంటిది. ఆడిన ప్రతి దేశంలోనూ ఒక్కటైనా కొట్టాడట. అలా కొట్టిన బంతిని ఇంటికి తీసుకుపోయి కూతురికిచ్చేవాడట. ఆ పిల్ల గోడకు చెక్క పలక కొట్టించి వరసగా పెట్టుకుంది. ఒక్కో బంతి కింద ఒక్కో దేశం పేరు. “దుబాయ్ అని ముందే రాసి అంటించేసింది. పైన బంతి లేదు.”

ఆయన వచ్చిన నాటి నుంచి ఒక్కటీ కొట్టలేకపోయాడు మరి. ఊరికి పోయేటప్పుడు మనవాళ్లు పెట్టెల్లో ఏమేం కుక్కుతారో నాకు తెలియదా? దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు. పెట్టె బరువు తూచినప్పుడు ఎక్కువైతే ఏడుపు, తక్కువైతే ఇంకా పెద్ద ఏడుపు. ఉత్త చేతులతో ఇంటి గడప తొక్కడమంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మర్నాడు మా బిల్డింగు వాళ్లందరికీ పాసులు సంపాదించాను. కంచె అవతల, బంతి పడితే గిడితే మామీదే పడేంత దగ్గరలో కూర్చున్నాం. బామ్మర్ది గ్యారేజీ నుంచి చేతులైనా కడుక్కోకుండా నేరుగా వచ్చాడు. ఆట మొదలైంది, మావాళ్ల గుండెలు ఆగడమూ మొదలైంది. కొట్టినవాడు బ్యాటు అవతల పారేసి పరిగెడుతున్నాడు! (మా ఆటలో ఆ పని చేస్తే బ్యాటు యజమాని తంతాడు.) బంతి కంచె దాటిపోయినా సరే, ఆ కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి రావాల్సిందే. సిక్సరు కొట్టాక కూడా పరుగా! అన్నిటికన్నా ఘోరం, బంతి కాస్త నేలకు తగిలితే చాలు, అంపైరు దాన్ని తీసేసి కొత్తది ఇస్తున్నాడు. మా బామ్మర్దికి కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది.

“బావా, మన్ను అంటిందని బంతి పారేస్తున్రు! మనం ఒక్క బంతిని ఎన్నిసార్లు మోరీలకెళ్లి తీసి కడుక్కున్నమే!”

నిజమే. బిల్డింగు కింద మేమాడే క్రికెట్టుకు టేపు చుట్టిన బంతి ఒక్కటే ఉండేది. అది ఏ బాల్కనీలో పడితే ఆ బాల్కనీవాడు వెంటనే తిరిగి వేయాలి. వేయనివాడికి మా బిల్డింగులో కూర గిన్నె దగ్గర చోటుండదు. అది మా చట్టం. అందుకే బామ్మర్దికి ముందే గట్టిగా చెప్పి పెట్టాను. “దొర కొట్టిన బంతి ఇటొస్తే ఒక్క గడియ ఆగకు. అది ఆయన బిడ్డకు. తిరిగి ఆయన దిక్కే వెయ్యి.”

దొర మొదటిసారి వచ్చి గాలిని కొట్టి పోయాడు. రెండోసారి వచ్చి మళ్లీ గాలినే కొట్టాడు. చివరిసారి వచ్చినప్పుడు, ఆ మోకాళ్ల చప్పుడు నాకు అంత దూరానికీ వినిపించింది. (ఒట్టు వేశానని గుర్తుంచుకోండి.) బంతి వచ్చింది. ఎండు కట్టె విరిగినట్టు ఒక్క చప్పుడు. తెల్లటి బంతి లైట్లలోకి ఎగిరి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, సరిగ్గా మావైపు దిగడం మొదలుపెట్టింది. మా బామ్మర్ది చాయ్ గ్లాసు వదిలేసి, రెండు చేతులూ దోసిలి పట్టి అందుకున్నాడు. ఆ బంతి రాయిలా ఉంటుందని వాడికెవరూ చెప్పలేదు.

“అవ్వో! సచ్చిన్నే బావా!”

“తరువాత సద్దువు గానీ, వెయ్ రా! జల్ది వెయ్!”

వేశాడు. వాడు మా జట్టులో బౌండరీ దగ్గర నిలబడేవాడు. వాడి చెయ్యి చెయ్యి కాదు, వడిసెల. బంతి కంచె దాటి, గడ్డి మీద ఎగురుకుంటూ పోయి, చేతులు పైకెత్తి ఆనందంగా పరిగెడుతున్న దొర కాళ్ల ముందు పడింది.

మా పక్కన ఒక ముసలి అమెరికా ఆయన టోపీ తీసేశాడు, ఎవరో పోయినట్టు. దొర పరుగు ఆపి బంతిని చూశాడు. తల ఎత్తి మావైపు చూశాడు. అక్కడ నేను, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతూ, “తీస్కో సార్, తీస్కో!” అని అరుస్తున్నాను.

ముసలాయన నా భుజం తట్టి నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ఆటలో అలా కొట్టిన బంతి ఎవరికి దొరికితే వాళ్లదేనట. తిరిగి విసిరారంటే, ‘నువ్వు కొట్టిన కొట్టుడూ వద్దు, నీ బంతీ వద్దు, ఫో’ అని నిండు సభలో ముఖాన ఉమ్మినట్టట. శత్రువుకు తప్ప ఇంకెవరికీ అలా చేయరట.

“అంటే దొరికినోడు ఇంటికి తీస్కపోవచ్చునా? గది దొంగతనం గాదా?” అన్నాడు బామ్మర్ది, వాచిపోతున్న చేతిని ఊదుకుంటూ.

నాకు వినపడలేదు. నేను మైదానం వైపు చూస్తున్నాను. ఒక ఆటగాడు ఆ బంతిని తీసి పక్కకు విసిరాడు. అక్కడ బంతులు ఏరే ఫిలిపినో పనివాడు దాన్ని బకెట్టులో పడేశాడు. ఆ బకెట్టు నిండా బంతులే. అన్నీ తెల్లవే.

ఆట అయిపోగానే బామ్మర్దిని ఈడ్చుకుంటూ బకెట్టు దగ్గరికి పరిగెత్తాను. “కౌన్సా బాల్, భాయ్?” అన్నాడు ఫిలిపినో, జాలిగా. ఏ బంతని చెప్పను? కోడిగుడ్ల గంపలో మన గుడ్డు ఏదని వెతికినట్టుంది. అప్పుడు బామ్మర్ది ముందుకొచ్చి, “ఆగు బావా. నా చెయ్యి నేను గుర్తువట్టనా?” అని బకెట్టులోకి వంగాడు. వంగి ఒక బంతి తీశాడు. దాని మీద నల్లగా, స్పష్టంగా, అయిదు వేళ్ల గుర్తులు!

బస్సులో దొర ముందు సీట్లో లేడు. అన్నిటికన్నా వెనక, ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. బామ్మర్దిని వెంటబెట్టుకుని దగ్గరికి వెళ్లి, మా బాల్కనీల చట్టం సంగతి నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా ఖర్చు పెట్టి చెప్పి, బంతి చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలికి నలుపు అంటింది. ఆ వేలిని కాసేపు చూశాడు. బామ్మర్ది చేతిని చూశాడు. నన్ను చూశాడు. నా ఊపిరి ఎక్కడుందో నాకే తెలియదు.

“ఇదే” అన్నాడు దొర. “సందేహం లేదు సదీక్. ఇదే ఆ బంతి.” బొటనవేలు ప్యాంటుకు తుడుచుకుని, మోకాళ్లు కిర్రుమంటుండగా లేచి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

కొన్నాళ్లకు ఫోనుకు ఒక ఫొటో పంపాడు. చెక్క పలక మీద, దుబాయ్ అని రాసిన చోట, ఆ బంతి. ఎవరూ తుడవలేదు. ఒక చిన్నపిల్ల ఆ నల్లటి గుర్తుల మీద తన వేళ్లు ఆనించి, సరిపోక నవ్వుతోంది.

ఒట్టు వేశాను కనుక ఇక్కడితో ఆపేస్తే లైసెన్సుకు ముప్పు. పైన చెప్పినదాంట్లో ఒక్కటి నేను కల్పించాను. ఒంటె కాదు, మోకాళ్ల చప్పుడూ కాదు. మా బామ్మర్ది చేతులు. జీవితంలో మొదటిసారి స్టేడియానికి వస్తున్నానని ఆ రోజు వాడు బట్టల సబ్బుపొడితో చేతులు పొద్దంతా రుద్దుకున్నాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, సెంటు కొట్టుకున్నాడు. ఆ బకెట్టులో ఏ బంతి మీదా ఏ గుర్తూ లేదు. ఫిలిపినో నా ముఖం చూడలేక, “కోయీ భీ లేలో భాయ్” అని చేతికందింది ఒకటి ఇచ్చేశాడు. బస్సు పార్కింగులో నేను బానెట్ ఎత్తి, ఇంజను ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, బామ్మర్ది అరచేతిలో తుడిచాను.

“బావా, గిది తప్పు గాదే?”

“తప్పు కాదురా, సర్వీసింగ్. బంతిని గట్టిగ వట్టు.”

ఆ రాత్రి అజ్మాన్ దాకా నేనెంత తెలివైనవాణ్నో తలచుకుంటూ, ఆయిల్ చేత్తోనే మీసం దువ్వుకుంటూ బస్సు నడిపాను. ఎప్పుడో అంటిన మరక బొటనవేలికి అంత తడిగా అంటదని, అన్నీ వచ్చని చెప్పి ఇన్ని దేశాలు తిరిగినవాడికి ఆ మాత్రం తెలియదా అని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు మీసానికి రంగు మానేశాను. కానీ రోజూ పొద్దున ఆయిల్ పుల్ల లాగి తుడిచినప్పుడల్లా ఆ నలభై ఏడేళ్ల కుర్రవాడు గుర్తొస్తాడు. రంగేసిన మీసంతో, రంగేసిన బంతి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డవాడు. నాలో నేనే నవ్వుకుని, పుల్ల మళ్లీ లోపల పెట్టి, బస్సు తీస్తాను.