అన్నంలో సోడా, పసుపు నీళ్లు

డిగ్రీ చదివే ఆ రోజుల్లో మాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఏది ఎందుకు జరుగుతుందని అడిగినా సూర్యాపేటలో మా హాస్టల్ అమ్మాయిలం తడుముకోకుండా చెప్పేవాళ్లం. (ఇప్పుడు మా ఇంట్లో కుళాయి ఎందుకు కారుతోందో కూడా చెప్పలేను.) అలా మేం తేల్చిపారేసిన వాటిలో ముఖ్యమైనది అన్నంలో సోడా. పిల్లలు తక్కువ తినాలని మా వంటక్క రోజూ అన్నంలో తినే సోడా కలుపుతుందనీ, అందుకే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుందనీ మా నమ్మకం. చేరిన రోజే సీనియర్లు మంచం చూపించినంత మామూలుగా ఈ జ్ఞానాన్ని అందించేవాళ్లు. తక్కువ తింటే సోడా పనిచేసినట్టు, ఎక్కువ తింటే ఆ పూట సోడా తక్కువ పడ్డట్టు. ఎటు తిరిగినా మేమే గెలిచేవాళ్లం.

ఈ నమ్మకానికి పెద్ద దిక్కు నా పక్క మంచం అమ్మాయి. ఊరి పేరుతో ఆమెను కోదాడ అనే పిలిచేవాళ్లం. ఒక సాయంత్రం ఆమె అందరినీ కూడగట్టి, ప్రిన్సిపాల్‌కు చెప్పి వంటక్కను మాన్పించాల్సిందే అంది. వంటక్కది ఆత్మకూరు. హాస్టల్ వెనక గదిలో కూతురితో ఉండేది. పని పోతే ఆ గదీ పోతుంది. నాకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మా ఫిజిక్స్ మేడం హాస్టల్ ముందు గదిలోనే ఉండేవారు. క్లాసులో ఎవరేం చెప్పినా "ఏమైతే నువ్ జెప్పింది తప్పని ఒప్పుకుంటవ్ బిడ్డా?" అని అడిగేవారు. ఏం జరిగినా తప్పు కాని మాటతో సైన్సుకు పనిలేదని ఆమె పాఠం. నేను అదే మాట కోదాడను అడిగాను.

"ఏమైతే సోడా లేదని ఒప్పుకుంటవ్ జెప్పు."

కోదాడ నా వైపు తిరిగింది. "అన్నం మీద పసుపు నీళ్లు పోద్దాం. సోడా ఉంటే ఎర్రబడుద్ది. ఎర్రబడకపోతే నేనే ఊరుకుంటాలే" అంది.

భోజనాల వేళ అందరం చుట్టూ మూగాం. నా పళ్లెంలోనే అన్నం పెట్టి పసుపు నీళ్లు పోశాను. అన్నం అంచులంతా ఎర్రబడింది. అందరూ ఒక్కసారిగా గోల చేశారు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్దామని కోదాడ అప్పుడే చెప్పులేసుకుంటోంది. వంటక్క గరిటెతో గుమ్మంలోకి వచ్చి, "ఏంది బిడ్డా, అన్నంల పసుపు కలుపుతున్నరు. పులిహోర గావాల్నంటే అడగరాదా?" అంది. నేను ఆమె మొహం చూడలేక మేడం గదికి పరుగెత్తాను.

మేడం వచ్చి పళ్లెం చూసి, "ఉత్త పళ్లెంల పోసి సూశిన్రా?" అన్నారు. ఎవరికీ తట్టలేదు. అదే పళ్లెంలో అన్నం లేని చోట పోస్తే అక్కడా ఎర్రబడింది. కారణం, నేను తోమి సరిగ్గా కడగని సబ్బు. (నా గిన్నెల కడుగుడు గురించి మా అమ్మ చెప్పేదంతా ఆ పూట ప్రయోగపూర్వకంగా రుజువైంది.) పళ్లెం బాగా కడిగి మళ్లీ పోశాం. అన్నం పచ్చగానే ఉంది. దాంట్లోనే చిటికెడు సోడా కలిపి చూస్తే వెంటనే ఎర్రబడింది.

"అయితే ఇవాళ వెయ్యలేదన్నమాట. మనం చూస్తామని ఎవరో చెప్పేసుంటారు" అంది కోదాడ.

మేడం కోప్పడలేదు. బల్ల మీద తీరిగ్గా కూర్చున్నారు. "మొదలు మీరు సాదా మాట అన్నరు, రోజూ సోడా ఏస్తదని. అది ధైర్యమున్న మాట. పరీక్షకు నిలవడ్డది, ఓడింది. ఇప్పుడేమో, సోడా ఏస్తది గని ఇయ్యాల ఏయలే, ఆమెకు ఎవలో చెప్పిన్రు, ఆ చెప్పినోళ్లు మనకు దొరకరు. గివన్నీ కలిసి నిజం గావాలె. ఒక్కోటి తగిలించినకొద్ది నిజమయ్యేటందుకు వీలు పెరుగుతదా, తగ్గుతదా?"

"తగ్గుద్ది మేడం" అంది కోదాడ నీరసంగా. అంతలోనే తల ఎత్తి, "మరి కడుపెందుకు నిండుతోంది?" అంది.

మేడం మొహం వెలిగిపోయింది. "గదీ అడగాల్సింది. అన్నిటికన్నా సాదా కారణం ముందు ఎతుకుండ్రి."

నాకు కిటికీలో సగం తిని పెట్టిన నూనె మరకల పొట్లాలు కనిపించాయి. రోజూ ఆరింటికి గేటు ముందు బండి నుంచి తెచ్చుకున్న మిరపకాయ బజ్జీలు కడుపారా తిని, ఏడింటికి అన్నానికి కూర్చునేవాళ్లం. సోడా అంటూ ఉంటే ఆ పిండిలో ఉండాలి. పసుపు నీళ్ల గ్లాసు పట్టుకుని అటు నడిచాను. కోదాడ గబుక్కున పొట్లం వెనక్కి దాచేసింది.

"దాని జోలికి రాకే. దానికి పరీక్షలేం వద్దు."

మేడం కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, "నాకో రెండియ్యి బిడ్డా" అన్నారు. నిజం కోసం బయలుదేరిన నేను కూడా నవ్వుతూ గ్లాసు పక్కన పెట్టి ఒక బజ్జీ తీసుకున్నాను. ప్రిన్సిపాల్ దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఆ ఆదివారం వంటక్క మాకు పులిహోర చేసి పెట్టింది.

ఇప్పుడు మిర్యాలగూడలో నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా మాట తప్పని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ తీసి, నా పక్షాన మాట్లాడేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారేమోనని వెతుకుతాను. సాధారణంగా దొరుకుతారు కూడా. కానీ ఆ సాయంత్రం, మేమంతా పొరపాటు పడ్డామని తెలిశాక, నాకెంత సంతోషమేసిందో ఇంకా గుర్తుంది. అంత తేలిగ్గా ఓడిపోయి, అంత హాయిగా నవ్విన అప్పటి నాలోని ఆ అమ్మాయిని తలుచుకుంటే కొంచెం అసూయగానే ఉంటుంది.