ఆగిన బండిలో నడిచే ఇంజిన్

మొన్న సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి వదిలాక గద్వాలలో మల్దకల్ ఆటోలు ఆగే చోటికి వెళితే, వరుసలో మొదటి బండిగా ఒక కరెంటు ఆటో నిలబడి ఉంది. నాకంటే ముందు వచ్చిన ఒక అవ్వ కూరగాయల సంచి కింద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందయ్యా, గీ బండి పోతదా, ఊకెనే పెట్టినవా?" అని డ్రైవరును అడిగింది. "పోతదవ్వా, ఎక్కు. నలుగురు రాంగనే తీస్త" అన్నాడతను. "సప్పుడే లేదు కద" అని ఆమె వెనకాల గుర్రుమంటున్న డీజిల్ ఆటో వైపు నడిచింది. అతను దిక్కుతోచనట్టు నా వంక చూశాడు. ఏం చేస్తే జనం ఎక్కుతారో నాకు తెలుసు. కానీ కొత్తవాళ్లతో మాట్లాడడం నాకు ఇప్పటికీ చేతకాదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాయన ఇదే దారిలో డీజిల్ ఏడు సీట్ల ఆటో నడిపేవాడు. ఏడు సీట్లన్నది కాగితాల మీది మాట. విత్తన పత్తి చేలలో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ కాలం వచ్చిందంటే అందులో ఎంతమంది ఆడవాళ్లు పట్టేవారో లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అంత బరువుతోనూ ఆ ఇంజిన్ మిట్ట ఎక్కేటప్పుడు నెమ్మదించేదే గానీ ఆగేది కాదు. దాని ఊపు మొదట అద్దానికి పట్టేది, తర్వాత సీటుకు, చివరకు మన పళ్లకు. పొద్దున కాలేజీకి, సాయంత్రం ఇంటికి నేను ఆ బండిలోనే వెళ్లేదాన్ని. వెనక మూలన, ఎవరికీ కనబడకుండా కూర్చోవడం నాకిష్టం. సంచిలో ఎప్పుడూ ఒక కథల పుస్తకం, ఒక డైరీ ఉండేవి. పుస్తకం తెరిచేదాన్నే కానీ, ఒక్క వాక్యం మీద చూపు నిలిచేది కాదు. బండి కదలకముందు కూడా అంతే. ఎందుకంటే అడ్డాలో నాయన ఇంజిన్ బంద్ చేసేవాడు కాదు. మా దగ్గర ఏ డ్రైవరూ చేయడు. ఇంజిన్ నడుస్తుంటేనే బండి ఇప్పుడో ఇంకాసేపటికో కదులుతుందని జనం ఎక్కుతారు. మధ్యమధ్య గట్టిగా రేజ్ చేయాలి. రెండు గజాలు ముందుకు పోనిచ్చి, మళ్లీ రెండు గజాలు వెనక్కి తేవాలి. అలా ముప్పావు గంట బయలుదేరుతూనే ఉండేవాళ్లం.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వనపర్తిలో పెట్రోలు ఆటో నడిపేవాడు. బజారు నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి కోర్టుకు, అన్నీ చిన్న చిన్న కిరాయిలు. ఎక్కిన మనిషి దిగగానే బండి ఆపి, నీడన కూర్చొని చాయ్ తాగేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా బావా బామ్మర్దులకు ఒకటే ముచ్చట. "ఒక్క నొక్కు నొక్కితే స్టార్ట్, బావా. నీదేమో పొద్దున లేపనీకే పరేషాన్. పొగకు వెనకొచ్చెటోడు నల్లగైతుండు" అనేవాడు మామ. "నీ బండి మీద పదిమందిని ఎక్కించి మల్దకల్ మిట్ట ఎక్కు, అప్పుడు చూస్త నీ నొక్కుడు" అనేవాడు నాయన. ధర తక్కువని డీజిలు, రిపేరు తక్కువని పెట్రోలు, లాగుడుకు ఇది, మెత్తదనానికి అది. అమ్మ గిన్నెలు సర్దుతూ, "మీ ఇద్దరి నోట్లల్ల ఏది పోస్తే బంద్ అయితదో ఎవరన్న చెప్తే బాగుండు" అనేది.

అయితే ఆ ఏడాది ముచ్చట నవ్వులాటగా లేదు. రోజంతా తిరిగినా నాయన చేతిలో మిగిలేది తగ్గిపోతూ వచ్చింది. మామ తన రోజు ఖర్చు చెప్పి, "నేను చెప్పలేదా? నీ ఇంజిన్ తింటది" అన్నాడు. నాయన మొదటిసారి అవునన్నాడు. బండి అమ్మేసి పెట్రోలుది కొందామన్నాడు. బిజినేపల్లిలో పాత బండ్లు కొనే తెలిసిన మనిషి ఉన్నాడని, ఆదివారం తీసుకొస్తానని మామ మాటిచ్చి వెళ్లాడు. ఆ వారమంతా నాయన బండిని రోజుకు రెండుసార్లు తుడిచాడు. అమ్మకానికి తుడుస్తున్నట్టు లేదు ఆ తుడవడం.

శనివారం నేను డైరీ తిరగేస్తున్నాను. అందులో గొప్ప సంగతులేమీ ఉండవు. రాయడానికి ఏమీ లేని రోజున, నాయన సాయంత్రం గద్వాలలో ట్యాంకు నిండా డీజిలు పోయించుకుంటే అది ఎంత పట్టిందో రాసేదాన్ని. అడ్డాలో ఎన్ని నిమిషాలు వణుకుతూ కూర్చున్నానో కూడా కోపంతో రాసేదాన్ని. జాతర రోజు పేజీ దగ్గర ఆగాను. ఆ రోజు కాలేజీకి సెలవని నాయన వెంటే తిరిగాను. బండి ఆగీ ఆగకముందే నిండేది. ఆరు ట్రిప్పులు తిరిగాం. మామూలు రోజున నాలుగు. పట్టిన డీజిలు మాత్రం ఆ రోజుకూ మామూలు రోజుకూ ఒక్కటే. మొదట తప్పు రాశానేమో అనుకున్నాను. ఇంకో పది పేజీలు చూశాను. నడిచినందుకు కాదు, నిలబడినందుకు ఇంజిన్ తాగుతోంది. రేపు పెట్రోలు బండి కొన్నా నాయన దాన్నీ అడ్డాలో బంద్ చేయడు. డీజిలు కంటే ఎక్కువ ధర పెట్టి నిలబడతాడు, పైగా అందులో పట్టేది సగం మందే.

విషయం తెలిసింది సరే, చెప్పడం ఎలా? నాయనతో నేను మాట్లాడే మాటలు "అన్నం పెట్టనా", "కాలేజీకి టైం అయింది" అన్నంతవరకే. డైరీ చేతిలో పెడదామంటే అందులో ఇంకా చాలా ఉన్నాయి, ఎవరూ చూడకూడనివి. చివరికి బండి దగ్గరకు వెళ్లి, కావలసిన పేజీలు మాత్రం వేళ్లతో పట్టుకొని, తల ఎత్తకుండా చదివాను. కంగారులో ఆ పేజీలో ఉన్నదంతా చదివేశాను. "నాయన మీద కోపం వచ్చింది. ఇంజిన్ సప్పుడుకు కథలో పెళ్లి అయిందో లేదో తెలియలేదు" అన్నది కూడా. నాయన తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత, "జాతర దినం పేజీ మళ్లొక్కపారి చదువు" అన్నాడు. చదివాను. "గింత మాట నోటితోని చెప్పరాదా బిడ్డా, ఏడాది సంది రాసుకుంట కూసుంటివి?" అన్నాడు.

ఆదివారం వచ్చిన బిజినేపల్లి మనిషికి చాయ్ ఇచ్చి పంపించారు. మామ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంట్లనే మెకానిక్ ఉన్నదని ముందే చెప్పద్దా బావా? నాకు డీజిలన్న మిగిలేది" అన్నాడు. పెట్రోలు బండిలో వచ్చి డీజిలు మిగిలేదనడం విని అమ్మ నవ్వింది. మామ ఇంకా చిన్నబుచ్చుకున్నాడు.

అసలు కష్టం సోమవారం మొదలైంది. ఆపిన ఇంజిన్ మళ్లీ వెంటనే లేవడానికి పాత బ్యాటరీ తీసి కొత్తది వేయించి, నాయన అడ్డాలో తాళం చెవి తిప్పాడు. ఇంజిన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కి కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గీ బండి పోయేటట్టు లేదు, దిగుండ్రి" అని ఒకామె అంది. ముగ్గురూ దిగి వెనకాల రేజ్ చేస్తున్న బండి ఎక్కారు. ఇంకో ఇద్దరు వచ్చి, చూసి, దాటిపోయారు. నాయన చెయ్యి తాళం చెవి మీదికి పోయింది. ఆ చెయ్యి తిరిగితే బిజినేపల్లి మనిషి మళ్లీ వస్తాడు. నేను వెనక మూల నుంచి దిగి, ముందు వరుసలో, రోడ్డు మీద పోయే ప్రతివాళ్లకూ కనబడే చోట కూర్చొని పుస్తకం తెరిచాను. అక్షరాలు కనబడలేదు. కాసేపటికి గంప ఎత్తుకొని ఒకామె వచ్చింది. "డ్రైవరన్న బిడ్డే ఎక్కింది. కాలేజీకి యాళ్లయితది కద, పోతది తీయ్" అని తనకు తానే చెప్పుకొని ఎక్కింది. ఆమెను చూసి మరొకరు. వెనక బండి డ్రైవరు, "ఇంజిన్ జాగల బిడ్డను పెట్టినవా అన్నా!" అని అరిచాడు. నాయన, "దీనికి డీజిలు పోసుడు లేదు" అన్నాడు.

ఇంటర్ దాటి డిగ్రీలోకి వచ్చినా, రెండేళ్లు ఆ సీటు నాదే. డీజిలు ఎంత తగ్గిందో నాయన ఎవరికీ చెప్పలేదు కానీ, బండిని రోజుకొక్కసారే తుడిచాడు. ఆ ఆగిన బండిలో నేను ఎన్ని పుస్తకాలు చదివానో డైరీలో ఉంది. కథలో పెళ్లి అయింది.

మొన్న ఆ కరెంటు ఆటో డ్రైవరుకు నేనేమీ చెప్పలేదు. ముందు వరుసలో, రోడ్డు వైపు కూర్చొని పుస్తకం తెరిచాను. కాసేపటికి అవ్వ సంచితో వెనక్కి వచ్చింది. "నువ్వెక్కినవా బిడ్డా? అట్లయితే పోతది" అంది. బండి నిండడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అలవాటు పోలేదు, రాసుకున్నాను. డీజిలు పోయి పెట్రోలు, పెట్రోలు పోయి కరెంటు వస్తున్నాయి గానీ, బండి కదలడానికి ముందు ఎవరో ఒకరు ఎక్కి ఊరికే కూర్చోవలసిన ఆ కాసేపు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే ఉంది.