వెనక ఇంకో బండి ఉంది

ఇనాయతుల్లా ఆటో తీసే ముందు ప్రతిసారీ ఒకటే పని చేస్తాడు. భుజం మీది తువ్వాలు కొసతో బండి ముందున్న బత్తి అద్దం తుడుస్తాడు. వంగి, పక్కనున్న చిన్న పిడిని బొటనవేలితో కిందికి నొక్కుతాడు. లోపల రంగు అద్దం కదిలిన చప్పుడు. తెల్లటి వెలుగు ఆకుపచ్చగా మారుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి దాన్ని చూస్తాడు. తర్వాతే సీట్లో కూర్చుంటాడు.

చలికాలం పొద్దున కొడిమ్యాల మీద మంచు దిగితే ఆటో కనపడదు. ఆకుపచ్చ చుక్క ఒక్కటే రోడ్డు మీద తేలుతూ వస్తుంది.

ఆ బత్తి ఆటోది కాదు. ఆవిరి రైలింజనుది.

దాన్ని తెచ్చింది హమీద్, ఇనాయతుల్లా భార్య సకీనాబీకి తమ్ముడు. కోరుట్ల మనిషి. షార్జాలో ఒక ముసలి కెనడా దొర ఇంట్లో వంట చేసేవాడు. దొర తండ్రి కెనడాలో రైళ్లు నడిపినవాడట. దొర ఇల్లు ఖాళీ చేస్తూ, నీకేం కావాలో తీసుకోమన్నాడు. హమీద్ టీవీ వదిలేసి బత్తి తీసుకున్నాడు. ఎందుకో అతనికీ తెలియదు.

దాన్ని కొడిమ్యాలకు తెచ్చిన రోజు ఎల్లన్న కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఎల్లన్న వాళ్లది తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. అతడు మాత్రం ఆటో ఎక్కాడు. కొడిమ్యాల నుంచి జగిత్యాల పెద్దరోడ్డు దాకా ముందు ఇనాయతుల్లా బండి, వెనక ఎల్లన్న బండి. చాలా ఏళ్లుగా అంతే.

"ఒక్క రైల్ల మంది పట్టకపోతె ఏం జేస్తరు, ఎల్లన్నా?" అని హమీద్ అడిగాడు.

"ఏం జేస్తరు, డ్రైవర్ పక్కన ఇద్దర్ని కూసోబెడ్తరు."

"నీ ఆటో కాదే అది! అదే రైలును రెండు జేసి పంపుతరు. ముందటి ఇంజనుకు రెండు దిక్కుల ఆకుపచ్చ బత్తులు పెడ్తరు. అంటే, రైలింక ఒడువలేదు, ఎనుక ఇంకోటి అస్తున్నదని. ఎదురంగ పక్క పట్టాల మీద ఆగినోడు గది జూసి కదలద్దు. ఎనుకటి దానికి బత్తి ఎలగది. అది పోయినంకనే కదలాలె."

"మరి గీ తెలుపేంది?"

"టైంటేబుల్ల లేని రైలు. ఊకె అస్తది, పోతది."

"సూడక కదిలితె?"

హమీద్ రెండు అరచేతులూ ఎదురెదురుగా తెచ్చి చప్పుడయ్యేలా కొట్టాడు. ఎల్లన్న నవ్వలేదు.

బత్తులు రెండు ఉండాలి. విమానం సామానులో ఒకటే పట్టింది. ఒక్కటి కనిపించినా రెండున్నట్టే లెక్క అని దొర చెప్పాడట. ఇంజను డ్రైవరు బత్తి చూపిస్తూ ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేస్తాడట. ఆగినవాడు చూశానని రెండు పొట్టి కూతలు వేస్తాడట. ఎల్లన్నకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

"పెట్టు భాయ్, నీ బండికి," అన్నాడు. "నేను ఎనుక అస్తున్ననో లేదో అని రోజు అందరు నిన్నే అడుగుతరు."

కిరసనాయిలు వత్తి ఉన్నచోట కరెంటు పని చేసే మధు చిన్న బల్బు పెట్టాడు. లోపలి ఆకుపచ్చ అద్దం ఇరుసు మీద ఇంకా బాగానే తిరుగుతోంది. పిడి నొక్కితే అద్దం బల్బు ముందుకు వస్తుంది. ఎత్తితే పక్కకు తప్పుకుంటుంది.

ఆ రోడ్డులో సగం దూరాన ఒక కల్వర్టు ఉంది. దాని గోడ మీద వెంకటవ్వ కూరగంపతో కూర్చుంటుంది. పాలకూర, మెంతికూర. జగిత్యాల మార్కెట్‌లో అమ్ముతుంది. కల్వర్టు దాకా వచ్చేసరికి ఇనాయతుల్లా బండి నిండిపోయి ఉంటుంది. ఒక పొడుగు హారను, రెండు పొట్టివి కొడతాడు. ఆమె చెయ్యి రెండుసార్లు పైకెత్తుతుంది. చూశానని. అతడు ఆగకుండా పోతాడు. మంచులోంచి ఎల్లన్న వస్తాడు, బత్తి లేకుండా. దిగి, గంపను రెండు చేతులతో ఎత్తి, ఆకులకు గాలి తగలకుండా కాడలు బయటికి ఉండేలా తిప్పి పెడతాడు.

ఈ చలికాలం ఎల్లన్న ఆటో అమ్మేశాడు.

"సిరిసిల్ల పోతున్న భాయ్. మా బిడ్డ మనీషా అక్కడ కుట్టుమిల్లుల పనికి పోతున్నది. దాని పోరిని సూసుకునెటోళ్లు లేరు."

"ఎప్పుడు?"

"ఎల్లుండి. రేపటి సంది నీ ఎనుక నేను ఉండ."

ఇనాయతుల్లా తల ఊపాడు. ఇద్దరూ చాయ్ తాగారు. ఎల్లన్న వెళ్తూ బత్తి మీద చేత్తో తట్టాడు, ఎద్దు వీపు తట్టినట్టు.

మర్నాడు మంచు దట్టంగా ఉంది. ఇనాయతుల్లా అద్దం తుడిచాడు. వంగాడు. బొటనవేలు పిడిని నొక్కింది. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. ఆకుపచ్చ చక్కగా ఉంది. కల్వర్టు దగ్గర హారను కొట్టాడు. వెంకటవ్వ చెయ్యి రెండుసార్లు లేచింది.

పెద్దరోడ్డు మీద బండిలోని ఒక ముసలాయన, ఆసుపత్రికి పోవాలి, జగిత్యాల దాకా రమ్మన్నాడు. ఇనాయతుల్లా వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మంచు లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కల్వర్టు గోడ మీద వెంకటవ్వ అలాగే ఉంది. గంప మీద తడిగుడ్డ ఎండిపోయింది. కింద ఆకులు వడలి నల్లబడ్డాయి.

అతడు బండి ఆపాడు. అప్పుడు బత్తి వంక చూశాడు.

"ఎల్లన్న ఏడి?" అంది వెంకటవ్వ.

"బండి అమ్మిండవ్వా. సిరిసిల్ల పోతుండు."

"ఎప్పుడమ్మిండు?"

"నిన్న."



"మరి ఇయ్యాల పొద్దుగాల నీ ఎనుక ఎవడస్తున్నడు? నీ మామనా?"

ఆమె గంప మీది ఎండిన గుడ్డ లాగి చూపించింది.

"బస్సచ్చింది, ఎక్కలే. వేరే ఆటోవోడు ఆపిండు, పోరా, మా ఎల్లన్న అస్తుండని ఎల్లగొట్టిన. నేను సెయ్యెత్తిన్నా లేదా? సెప్పు."

"ఎత్తినవవ్వా."

"రెండుసార్లెత్తిన."

"రెండుసార్లెత్తినవ్. నా తప్పే. రేపటి సంది బత్తి ఎలిగియ్య."

"ఆర్పితె ఆర్పుకో. ఆర్పిన బండ్ల నా గంప పడ్తదా?"

ఆమెను ఇంటి దగ్గర దింపాడు. దిగేటప్పుడు ఆమె వడలిన మెంతికూర రెండు కట్టలు సీటు మీద పడేసింది. "సకీనాకియ్యి. నీ బత్తి వండిన కూరని సెప్పు."

సాయంత్రం అతడు స్క్రూడ్రైవర్ తీసుకుని బత్తి ముందు కూర్చున్నాడు. సకీనాబీ గడపలో కూర్చుని మెంతి ఆకులు తెంపుతోంది. సంగతంతా విన్నది.

"బత్తి ఏం చేసింది?" అంది ఉర్దూలో. "నొక్కింది నీ వేలు."

అతడు ఒక మర విప్పాడు. మళ్లీ బిగించాడు. ఆర్పి నడిపితే అబద్ధం ఉండదు. వెనక ఏమీ లేదు, అది నిజమే. కానీ కల్వర్టు మీది మనిషి అలాగే ఉంటుంది. పిడి ఎత్తాడు, దించాడు. వాకిట్లో గోడ ఒకసారి తెల్లబడింది, ఒకసారి ఆకుపచ్చ అయింది.

మర్నాడు అతడు రోజూకంటే ముందే బండి తీశాడు. అద్దం తుడిచాడు. పిడి నొక్కాడు. కల్వర్టు దగ్గర ఒక పొడుగు, రెండు పొట్టి హారన్లు కొట్టాడు. వెంకటవ్వ మొహం తిప్పుకుంది. చెయ్యి లేవలేదు. పెద్దరోడ్డు మీద అందరినీ దింపాడు. రోజూ అక్కడ చాయ్ తాగి, తిరుగు మంది కోసం ఆగేవాడు. ఆగలేదు. ఖాళీ బండి తిప్పుకుని వచ్చాడు.

కల్వర్టు దగ్గరికి రాగానే వెంకటవ్వ గంప ఎత్తబోయింది. అతడు ఆగకుండా దాటిపోయాడు.

"ఓ ఇనాయతూ! ఎటు పోతున్నవ్‌రా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

ఊరి మొదట్లో బండి మళ్లించాడు. దిగి, పిడి ఎత్తి, బత్తి ఆర్పాడు. ఒక అడుగు వెనక్కి వేసి ఆరిన అద్దాన్ని చూశాడు. మంచులోంచి మెల్లగా, ఎల్లన్న వచ్చే వేళకు, ఎల్లన్న వచ్చే దిక్కు నుంచి వచ్చి కల్వర్టు ముందు ఆగాడు. దిగాడు. గంపను రెండు చేతులతో ఎత్తి, ఆకులకు గాలి తగలకుండా కాడలు బయటికి ఉండేలా తిప్పి పెట్టాడు.